ఇన్వర్టర్ రెండు గంటలకే ఆగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ. పాలకొల్లు దగ్గర ఊళ్ళో ఇల్లు, 850 వీఏ ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, కొని రెండేళ్ళయింది. యాసిడ్ వాసన వస్తోందని బ్యాటరీని వసారాలోకి మార్చారు, ఇన్వర్టర్ మాత్రం హాల్లోనే ఉంది. మూడు మామూలు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు, టీవీ, వైఫై కలిపి 400 వాట్లు. 12ని 150తో గుణిస్తే 1800, దాన్ని 400తో భాగిస్తే నాలుగున్నర గంటలు రావాలి కదా, రెండు గంటలు కూడా రావడం లేదు, షాపతను బ్యాటరీ పోయింది మార్చేయండి అంటున్నాడు, ఏం చెయ్యమంటారు అని. చివర్లో రొయ్యల చెరువు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు నాలుగు కూడా బ్యాటరీలతో నడపొచ్చా అని అడిగారు.

అమలాపురంలో దాదాపు ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నానండి. ఇప్పుడే బ్యాటరీ మార్చకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బ్యాటరీ మీద కన్నా వసారా నుంచి హాల్లోకి వచ్చే ఆ వైరు మీదే నాకు ఎక్కువ అనుమానం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, కానీ ఇది ఒకసారి అర్థమైతే ఇక మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టి బ్యాటరీ అంటగట్టలేరు.

అసలు బ్యాటరీలో కరెంటు నిల్వ ఉండదు. ట్యాంకులో నీళ్ళలాగా లోపల కరెంటు ఉందని, కుళాయి తిప్పితే వస్తుందని అందరూ అనుకుంటారు, మీ లెక్క కూడా అక్కడే తప్పింది. లోపల ఉన్నది రెండు రకాల ప్లేట్లు, మధ్యలో గంధకామ్లం. ఒకటి బూడిద రంగులో మెత్తగా గుల్లగా ఉండే సీసం, రెండోది ముదురు చాక్లెట్ రంగులో ఉండే సీసం డయాక్సైడ్. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం రేకుల్ని చుట్టలా చుట్టి యాసిడ్‌లో ముంచి చేసినదానికీ మీ వసారాలో ఉన్నదానికీ లోపల జరిగే రసాయనం ఒక్కటే. మీరు స్విచ్ వేసినప్పుడు సీసం ప్లేటు యాసిడ్‌తో కలిసి సీసం సల్ఫేట్‌గా మారుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఆ ఎలక్ట్రాన్లు అవతలి ప్లేటుకు చేరాలి, కానీ యాసిడ్‌లోంచి వెళ్ళలేవు, బయట వైరు చుట్టూ తిరిగే వెళ్ళాలి. ఆ తిరిగి వెళ్ళడమే కరెంటు. దారిలో మీ ఫ్యాను తిప్పేది అదే. అవతలి ప్లేటు వాటిని తీసుకుని అదీ సల్ఫేట్ అవుతుంది, యాసిడ్ తగ్గుతుంది, నీళ్ళు పెరుగుతాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఇలా ప్లేట్లూ యాసిడ్ ఉన్న ఒక్కో గది ఒక సెల్, దానికి సుమారు 2.1 వోల్టులు, అలాంటివి ఆరు కలిపితే 12.6.

ఇందులో మీకు కావలసిన ముక్క ఏమిటంటే, ఈ పని అంతా ప్లేటు గుల్లల్లో ఉన్న యాసిడ్‌తో జరుగుతుంది. నెమ్మదిగా తీసుకుంటే గుల్లలో యాసిడ్ అయిపోయేలోపు బయటి యాసిడ్ లోపలికి దిగుతూ ఉంటుంది. ఒక్కసారిగా లాగితే లోపలిది అయిపోతుంది, బయటిది దిగడానికి టైం చాలదు, వోల్టేజీ పడిపోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది అనుకుని ఆగిపోతుంది. కాసేపు ఆపి మళ్ళీ వేస్తే ఇంకో పది నిమిషాలు వస్తుంది చూడండి, ఆ పది నిమిషాలు అక్కడివే. ఈ మధ్యలో యాసిడ్ లోపలికి దిగిందన్నమాట.

బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసిన చోటే పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది, చూడండి. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటల పాటు తీసుకుంటే 150 ఆంపియర్-అవర్లు (ఏహెచ్) వస్తుందని. మీరు తీసుకుంటున్నది ఏడున్నర కాదు. 400 వాట్ల లోడుకు ఇన్వర్టర్ తన ఖర్చు కూడా కలుపుకుంటుంది, దాని సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 470 వాట్లు లాగాలి, 12తో భాగిస్తే దాదాపు 39 ఆంపియర్లు. అయిదు రెట్లు ఎక్కువ వేగంతో లాగుతున్నారు. ఇలా వేగం పెరిగితే ఎంత తగ్గుతుందో 1897లో పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం కట్టాడు. దాని ప్రకారం మంచి ట్యూబులర్ బ్యాటరీకి వేస్తే మీకు రావలసింది రెండు గంటల నలభై అయిదు నిమిషాలు, అటూ ఇటుగా. కొత్త బ్యాటరీ కొన్నా అంతే. నాలుగున్నర గంటలు ఎప్పుడూ రాదు.

1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు, అప్పుడే ఒక రిపేరు షాపులో చేరాను. కోనసీమలో చాలా రోజులు కరెంటు లేదు, కొబ్బరి తోటలన్నీ నేలమట్టం, స్తంభాలు ఎక్కడివక్కడ వంగిపోయి ఉన్నాయి. మా మేస్త్రి ఒక ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి దానికి నేరుగా ఒక రేడియో, ఒక చిన్న బల్బు తగిలించాడు. ఇన్వర్టర్ లేదు ఏమీ లేదు. అయిదు రోజులు నడిచింది. చుట్టుపక్కల వాళ్ళంతా వార్తలకు షాపు ముందు కూర్చునేవాళ్ళు. అంత చిన్న బ్యాటరీ అన్ని రోజులు ఎలా వచ్చిందా అని అప్పట్లో ఆశ్చర్యపోయాను. అది తీసుకున్నది అర ఆంపియరే అని తర్వాత తెలిసింది.

అయితే మీకు రెండుముప్పావు కూడా రావడం లేదు కదా, రెండు కూడా లేదు. మిగతాది ఎక్కడ పోతోంది అన్నదే అసలు ప్రశ్న.

మన కాలవల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా వదిలినా, మధ్యలో గుర్రపుడెక్క పట్టేసి ఉంటే శివారు పొలానికి చుక్క రాదు. శివారు రైతు బ్యారేజీలో నీళ్ళు లేవనుకుంటాడు. మీ ఇన్వర్టర్ ఆ శివారు రైతు. తన దగ్గరికి వచ్చిన వోల్టేజీని బట్టే బ్యాటరీ ఎంత ఉందో అనుకుంటుంది, 10.5కి దిగిందంటే ఆపేస్తుంది. బ్యాటరీ దగ్గర అసలు ఎంత ఉందో దానికి తెలీదు.

వసారా నుంచి హాల్లోకి మూడు మీటర్లు అనుకుందాం, ప్లస్‌కు మూడు, మైనస్‌కు మూడు, ఆరు మీటర్లు. చాలా ఇళ్ళల్లో నేను చూసేది ఏంటంటే, బ్యాటరీ జరిపినప్పుడు కంపెనీ ఇచ్చిన వైరు చాలక, ఇంటి వైరింగుకు వాడే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ముక్క జోడిస్తారు. 230 వోల్టుల లైనుకు అది చాలా ఎక్కువ, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఇక్కడ నడిచేది 39 ఆంపియర్లు. ఆరు మీటర్ల 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో అంత కరెంటు నడిస్తే ముప్పావు వోల్టు దాకా దారిలోనే పోతుంది. ముప్పావు వోల్టే కదా అనకండి. నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ మధ్య ఉన్న తేడానే రెండు వోల్టుల లోపు. బ్యాటరీ దగ్గర ఇంకా 11.2 ఉండగానే ఇన్వర్టర్‌కు 10.5 కనిపిస్తుంది, ఆగిపోతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.2 వోల్టుల లోపే.

దీనికి తోడు లగ్గులు, అంటే వైరు చివర టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్కలు. మన వైపు ఉప్పుగాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో, అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళి బ్యాటరీ మూత తీస్తే టెర్మినల్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది, వేలితో తాకితే రాలుతుంది, కింద లగ్గు సగం తినేసి ఉంటుంది. ఆ పొడి కరెంటును సరిగా పోనివ్వదు. లగ్గు వదులుగా ఉన్నా అంతే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక అరగంట నడిచాక లగ్గు దగ్గర వైరు మీద చెయ్యి పెట్టి చూడండి, లోహపు ముక్క మీద కాదు, పైనున్న ప్లాస్టిక్ మీద. వెచ్చగా ఉందంటే మీ బ్యాటరీ బలం అక్కడ వేడి అయిపోతోంది.

చెయ్యాల్సింది ఇది. ఒక మామూలు మల్టీమీటర్ తెచ్చుకోండి. మెయిన్ స్విచ్ తీసేసి, ఆ 400 వాట్ల లోడు మొత్తం వేసి, ఒక గంట నడవనివ్వండి. అప్పుడు డీసీ వోల్టుల మీద పెట్టి ముందు బ్యాటరీ సీసం టెర్మినల్ మీదే, లగ్గు మీద కాదు, సరిగ్గా ఆ సీసం ముద్ద మీద రెండు మొనలూ ఆనించి రీడింగ్ రాసుకోండి. వెంటనే ఇన్వర్టర్ వెనకాల ఆ వైర్లు బిగించిన చోట ఇంకో రీడింగ్. రెండింటికీ తేడా 0.3 దాటిందంటే దొంగ దొరికినట్టే, వైరు మార్చి లగ్గులు కొత్తవి క్రింపింగ్ చేయించండి. సుత్తితో కొట్టి అతికించడం కాదు, క్రింపింగ్ మెషీన్‌తో నొక్కాలి. వేడినీళ్ళలో కాస్త వంటసోడా కలిపి టెర్మినల్స్ కడిగి, మూతల్లోకి ఆ నీళ్ళు పోకుండా చూసుకుని, తుడిచి ఆరాక బిగించి, పైన వాజలైన్ రాయండి.

ఇంకో మాట, వైర్లు విప్పేటప్పుడు ముందు ఇన్వర్టర్ ఆఫ్ చేసి మైనస్ విప్పండి, బిగించేటప్పుడు మైనస్ చివర్న. చేతికి ఉంగరం, వాచీ, ఆడవాళ్ళు గాజులు తీసేయాలి. 12 వోల్టులు షాక్ కొట్టదు, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. కానీ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య లోహం పడితే ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్క క్షణంలో వదులుతుంది. నాతో పనిచేసిన కుర్రాడి ఉంగరం స్పానరుకూ టెర్మినల్‌కూ మధ్య పడింది, కన్ను మూసి తెరిచేలోపు ఎర్రగా కాలింది, వేలు చుట్టూ ఎముక దాకా. ఇప్పటికీ ఆ వేలు వంగదు. నేను అప్పటినుంచి స్పానర్ పిడికి టేపు చుట్టకుండా బ్యాటరీ దగ్గరికి వెళ్ళను. ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో దీపం, అగరుబత్తి పెట్టకండి. వసారాలో గాలి ఆడుతుంది కాబట్టి మీరు పెట్టిన చోటు మంచిదే, ఎండ మాత్రం తగలకుండా చూడండి, వేడికి బ్యాటరీ ఆయుష్షు బాగా తగ్గిపోతుంది.

వైరు బాగానే ఉందని తేలితే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి. అదీ షాపతను చెప్పినట్టు కళ్ళతో చూసి కాదు, యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచే హైడ్రోమీటర్‌తో. పైన రబ్బరు బుడ్డి, గాజు గొట్టం, లోపల తేలే బుడిపె ఉంటుంది. మెయిన్స్ మీద పూర్తిగా ఛార్జి అయ్యాక, ఆపి ఒక రెండు గంటలు ఆగి, ఒక్కో మూత తీసి యాసిడ్ పైకి లాగి, బుడిపె గొట్టం గోడకు అంటుకోకుండా నిటారుగా పట్టుకుని చూడాలి. కంపెనీని బట్టి 1220 నుంచి 1250 మధ్య రావాలి. ఆరింటిలోనూ దగ్గర దగ్గరగా ఉంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టే. అన్నీ సమానంగా 1180 దగ్గర ఉంటే ఛార్జింగ్ సరిపోవడం లేదు, ఇన్వర్టర్ ఛార్జింగ్ కరెంటు సెట్టింగ్ చూడాలి, 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్ల దాకా ఉండాలి. అయిదు సెల్స్ 1230 ఉండి ఒక్కటి 1140 ఉంటే మాత్రం ఆ సెల్ పోయింది, ఇక మార్చాల్సిందే, వారంటీ ఉంటే ఆ రీడింగులే చూపించండి.

నీళ్ళ సంగతి కూడా అడగాలి మిమ్మల్ని. ఏ నీళ్ళు పోస్తున్నారు? డెల్టాలో చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పు, అందులో క్లోరైడు ప్లేట్లను తినేస్తుంది. టిన్నుల్లో తెచ్చుకునే తాగే ఆర్‌వో నీళ్ళు కూడా వద్దు, వాటిలోనూ లవణాలు ఉంటాయి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. తగ్గేది నీళ్ళే, యాసిడ్ ఆవిరవదు, కాబట్టి గ్రావిటీ తగ్గిందని పైనుంచి యాసిడ్ పోసేవాళ్ళని ఆపండి. సఖినేటిపల్లి వైపు ఒక పెద్దాయన నాలుగేళ్ళు రావలసిన బ్యాటరీని ఏడాదికే పోగొట్టుకున్నారు, ఇంట్లో పనిచేసే అబ్బాయి ప్రతి నెలా శ్రద్ధగా బోరు నీళ్ళే నింపాడు. అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

ఇప్పుడు ఇన్వర్టర్ చేసే పని. బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఒకే వైపు నడుస్తుంది. మీ ఫ్యానుకు కావలసింది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు, అంటే సెకనుకు 100 సార్లు దిక్కు మారాలి. ఇన్వర్టర్ లోపల మాస్‌ఫెట్లు అనే స్విచ్‌లు ఆ పని చేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఆ 12ని 230 చేస్తుంది. టక్కున అటు, టక్కున ఇటు మార్చేస్తే స్క్వేర్ వేవ్, చౌకగా వస్తుంది, ఫ్యాను బుర్రుమంటుంది, మోటారు వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌లో ఆ స్విచ్‌లు సెకనుకు వేల సార్లు తెరిచి మూస్తూ, తెరిచి ఉంచే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ కరెంటును అలలాగా మలుస్తాయి. మీ ఫ్యాను ఇన్వర్టర్ మీద మాత్రమే బుర్రుమంటుంటే మీది స్క్వేర్ వేవే అయ్యుంటుంది. పైన 850 వీఏ అని ఉందే, అది తూము సైజు. చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో అది చెప్పదు, ఒకేసారి ఎంత వదలగలదో చెబుతుంది. పెద్ద వీఏ ఇన్వర్టర్ కొంటే బ్యాకప్ పెరుగుతుందని చాలామంది కొంటారు. పెరగదు, ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తనకోసం 10 నుంచి 20 వాట్లు తీసుకుంటుంది, పెద్దదైతే ఇంకాస్త.

బ్యాకప్ పెరగాలంటే డబ్బు ఫ్యాన్ల మీద పెట్టండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30. మూడూ మారిస్తే 135 వాట్లు తగ్గి లోడు 265 అవుతుంది, బ్యాటరీ మీద 26 ఆంపియర్లే. ఇదే బ్యాటరీ అప్పుడు నాలుగున్నర గంటలు వస్తుంది. లోడు తగ్గించింది మూడో వంతు, టైం పెరిగింది అరవై శాతం పైనే, ఎందుకంటే వేగం తగ్గితే బ్యాటరీ లోపలినుంచి ఎక్కువ ఇస్తుంది. మీరు మొదట వేసుకున్న లెక్క అలా నిజమవుతుంది. లిథియం గురించి ఒక్క మాట, వేగంగా లాగినా అది పెద్దగా తగ్గదు, అదే దాని గొప్ప. కానీ మీ పాత ఇన్వర్టర్ ఛార్జింగ్ దానికి సరిపడదు, రెండూ కలిపి మార్చాలి. మీ ఊళ్ళో రోజూ గంటల తరబడి కరెంటు పోతే ఆలోచించండి, లేకపోతే అక్కర్లేదు.

చెరువు విషయం. వద్దండి. నాలుగు ఏరేటర్లు, ఒక్కోటి 2 హెచ్‌పీ అంటే ఒక్కోటి దాదాపు 1900 వాట్లు తీసుకుంటుంది, నాలుగూ కలిపి ఏడున్నర కిలోవాట్లు. రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా నడవాలంటే 45 యూనిట్లు. మీ 150 ఏహెచ్ బ్యాటరీని పాడవకుండా సగం దాకా వాడితే చేతికి వచ్చేది ముప్పావు యూనిట్ చిల్లర. అరవై బ్యాటరీలు కావాలి. పైగా మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. చెరువుకు డీజిల్ జనరేటరే దారి. దాన్ని లైనుకు కలిపేటప్పుడు చేంజోవర్ స్విచ్ (మెయిన్స్ గానీ జనరేటర్ గానీ ఒకసారికి ఒక్కటే కలిపే స్విచ్) లేకుండా కలపకండి, మీ జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి 11 కేవీ లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

కానీ చెరువు మీద బ్యాటరీకి వేరే పని ఉంది, అది చాలామంది పట్టించుకోరు. జనరేటర్‌ను తిప్పే స్టార్టర్ బ్యాటరీ. నెలల తరబడి వాడకుండా ఉంటే అది దానంతటదే దిగిపోతుంది. మొగల్తూరు వైపు ఒక రైతు తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేశాడు, కరెంటు పోయింది, జనరేటర్ తాళం తిప్పితే టక్ మంటోంది అంతే అని. ఆక్సిజన్ అడుగంటే వేళ అదే, రాత్రంతా నీళ్ళలోని నాచూ రొయ్యా అన్నీ పీల్చేసి తెల్లారే ముందు ఏమీ మిగలదు. నేను ఇంకో బ్యాటరీ తీసుకుని వెళ్ళేసరికి నాలుగున్నర దాటింది. టార్చి వేస్తే గట్టు పొడవునా రొయ్యలు నీటి అంచుకు వచ్చి తేలుతున్నాయి. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు, నాతో ఏమీ మాట్లాడలేదు. చూస్తే బ్యాటరీ కూడా పూర్తిగా పోలేదు, మైనస్ లగ్గు పచ్చగా తినేసి ఉంది. సరిగ్గా మీ ఇంటి జబ్బే.

కాబట్టి జనరేటర్ బ్యాటరీకి ఒక చిన్న ఫ్లోట్ ఛార్జర్ పెట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి, వారానికి ఒకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడపండి. దానితోపాటు ఒక 12 వోల్టుల సైరన్, ఒక రిలే, అంటే కరెంటుతో దానంతటదే పనిచేసే స్విచ్. రిలే కాయిల్ మెయిన్స్ మీద ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపు సైరన్‌ను ఆపి ఉంచుతుంది, కరెంటు పోగానే వదిలేస్తుంది, చిన్న బ్యాటరీ మీద సైరన్ మోగుతుంది. త్రీఫేజ్‌లో ఒక్క ఫేజు పోయినా తెలియాలంటే మూడు ఫేజులకూ మూడు రిలేలు పెట్టించుకోండి. కాపలా మనిషి నిద్రపోయినా లేస్తాడు.

ముందు ఆ రెండు చోట్లా వోల్టేజీ చూసి రాయండి, లోడు ఆన్‌లో ఉండగానే. ఆరు సెల్స్ గ్రావిటీ కూడా, ఏ సెల్‌కు ఎంతో ప్లస్ వైపు నుంచి వరసగా. వైరు మీద దాని సైజు ముద్ర వేసి ఉంటుంది, అదీ చూసి చెప్పండి. అవి వచ్చాక బ్యాటరీ మార్చాలో అక్కర్లేదో చెప్తాను, అప్పటిదాకా షాపతనికి అడ్వాన్సు ఇవ్వకండి.